బయట బల్బు మార్పిస్తే ఏసీ వారంటీ పోతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. 22 నెలల క్రితం విజయవాడ షోరూములో చిన్న పెట్రోలు కారు కొన్నాను. తొమ్మిది లక్షల లోపే అయింది. వారంటీ 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు. ఇప్పటికి 27 వేలు తిరిగింది. కింది మోడల్ కాబట్టి దాంట్లో మ్యూజిక్ సిస్టమ్ రాలేదు. కొన్న నెలలోనే బయట షాపులో టచ్‌స్క్రీన్, రివర్స్ కెమెరా పెట్టించాను. మా రోడ్డులో రాత్రిపూట ఏమీ కనిపించదని హెడ్‌లైట్లకు 100/90 వాట్ల బల్బులు వేయించాను. ఫ్రీ సర్వీసులన్నీ షోరూములోనే చేయించాను. 20 వేల సర్వీసు మాత్రం ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గర చేయించాను. ఇప్పుడు ఏసీ చల్లగా రావడం లేదు. ఎడమ హెడ్‌లైట్ వెలుగుతూ ఆరుతూ ఉంది. సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్ బానెట్ ఎత్తి చూసి, "బయట వైరింగ్ కట్ చేయించారు, బయట సర్వీసు చేయించారు, మీ వారంటీ మొత్తం పోయింది" అన్నాడు. ఏసీ కంప్రెసర్ మార్చాలని 28 వేలకు ఎస్టిమేట్ ఇచ్చాడు. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు అలా అనడం చట్టవిరుద్ధం అంటున్నాడు. మా మెకానిక్ ఏమో బల్బులు, టచ్‌స్క్రీన్ పీకేసి ఇంకో సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళమంటున్నాడు. ఏం చేయమంటారు? ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకుందామనుకున్నాను. ఇక ఇస్తారా?

సమాధానం:

ముందు ఒక మాట. ఆ 28 వేలు ఇప్పుడే కట్టకండి. "వారంటీ మొత్తం పోయింది" అన్న నోటిమాట విని బండి వెనక్కి తెచ్చేసుకోకండి కూడా.

వారంటీ గంపగుత్తగా ఉండేదీ పోయేదీ కాదండీ. ఏ భాగం చెడిపోయింది, ఎందుకు చెడిపోయింది, ఆ చెడిపోవడంలో మీరు బయట పెట్టించిన వస్తువు చెయ్యి ఉందా లేదా అని ఒక్కో భాగానికీ విడిగా తేల్చుకోవాల్సిన లెక్క ఇది. మీ ఉత్తరంలో ఉన్న సంగతులను బట్టి చూస్తే కంప్రెసర్ విషయంలో న్యాయం మీ వైపే ఉన్నట్టుంది. హెడ్‌లైట్ ఖర్చు మాత్రం మీరే పెట్టుకోవాలి. బయట సర్వీసు సంగతి ఈ రెండింటికీ సంబంధం లేని మూడో విషయం. అడ్వైజర్ ఈ మూడింటినీ ఒకే మూట కట్టి మీ చేతిలో పెట్టాడు.

కారు డాష్‌బోర్డు అరలో ఓనర్ మాన్యువల్‌తో పాటు వారంటీ పుస్తకం ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. "ఈ వారంటీ వర్తించనివి" అన్న పేజీలో సాధారణంగా రెండు రకాల షరతులు కనిపిస్తాయి. ఒకటి, కంపెనీ ఆమోదించని పార్టులు, యాక్సెసరీల వల్ల కలిగిన నష్టానికి వారంటీ లేదని. రెండోది, షెడ్యూలు ప్రకారం సర్వీసు చేయించకపోతే వారంటీ లేదని. మొదటి షరతులో ఆ "వల్ల" అన్నదే మీకు ఆధారం. టచ్‌స్క్రీన్ వల్ల కంప్రెసర్ పోయిందని వాళ్ళు చూపించాలి. టచ్‌స్క్రీన్ ఉంది కాబట్టి కంప్రెసర్ సంగతి మాకు తెలియదు అంటే ఆ షరతు కింద చెల్లదు. కొన్ని పుస్తకాల్లో ఇంతకంటే గట్టిగా, బయట ఏం చేయించినా మొత్తం వారంటీ రద్దు అన్న ధోరణిలో రాసి ఉంటుంది. మీ పుస్తకంలో అలా ఉన్నా కంగారు పడకండి.

ఎందుకంటే సరిగ్గా ఈ గంపగుత్త రద్దు మీదే మన దేశంలో పెద్ద కేసు నడిచింది. 2011లో శంషేర్ కటారియా అనే వ్యక్తి కొన్ని కార్ల కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు (మార్కెట్లో పోటీని కంపెనీలు దెబ్బతీయకుండా చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదు చేశారు. స్పేర్ పార్టులు బయట మార్కెట్లో దొరకనివ్వడం లేదు, బయటి మెకానిక్‌లకు రిపేరు సమాచారం ఇవ్వడం లేదు, దాంతో కారు కొన్నవాళ్ళు తప్పనిసరిగా కంపెనీ వర్క్‌షాపుకే వెళ్ళాల్సి వస్తోంది అన్నది ఫిర్యాదు. విచారణ పెరిగి పెద్దదై చివరికి 14 కంపెనీల మీద 2014 ఆగస్టు 25న తీర్పు వచ్చింది. మొత్తం జరిమానా 2,544 కోట్ల రూపాయలకు పైనే. మనకు ఇక్కడ జరిమానా కంటే ముఖ్యమైంది కమిషన్ ఇచ్చిన ఒక ఆదేశం. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదు, బయట చేసిన తప్పుడు పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతమేరకే వారంటీ నిరాకరించవచ్చు అన్నది.

కంపెనీలు ఊరుకోలేదు, అప్పీళ్ళకు వెళ్ళాయి. 2016 డిసెంబరులో అప్పటి కాంపిటీషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల అప్పీళ్ళ మీద తీర్పు ఇస్తూ, కమిషన్ తేల్చిన తప్పులు తప్పులేనని సమర్థించింది. జరిమానా లెక్క కట్టే పద్ధతి మాత్రం మార్చి తగ్గించింది. ఆ తర్వాత కూడా వ్యవహారం కోర్టుల మెట్లెక్కింది. అందుకని ఈ ఆదేశాన్ని బ్రహ్మాస్త్రం అనుకొని సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద గట్టిగా అరవకండి. మీ ఉత్తరంలో ఒక వాక్యంగా వాడండి. కంపెనీ లీగల్ విభాగం ఆ వాక్యాన్ని గుర్తుపడుతుంది.

మీ మేనల్లుడు చెప్పింది ఆయన ఉన్న చోట నిజం. అమెరికాలో 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. దాని ప్రకారం, మా బ్రాండు పార్టులే వాడాలి, మా దగ్గరే సర్వీసు చేయించాలి, లేకపోతే వారంటీ ఉండదు అని కంపెనీ షరతు పెట్టకూడదు. వాటిని ఉచితంగా ఇస్తే వేరే సంగతి. 2022లో హార్లీ-డేవిడ్‌సన్ ఈ విషయంలోనే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు చిక్కింది. బయట సర్వీసు చేయించినా మీ వారంటీ రద్దు కాదని తన వారంటీ పత్రంలోనే రాయాల్సి వచ్చింది. మనకు అంత సూటిగా చెప్పే ప్రత్యేక చట్టం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, పైన చెప్పిన ఆదేశం, మీ చేతిలోని కాగితాలు, ఈ మూడూ కలిపి పోరాడాలి. నిజానికి అమెరికాలో కూడా బయటి పార్టు వల్లే చెడిపోయిందని కంపెనీ చూపిస్తే ఆ భాగానికి వారంటీ ఇవ్వదు. కాబట్టి రెండు చోట్లా అసలు ప్రశ్న ఒకటే, దేనివల్ల పోయిందని.

ఇక కంప్రెసర్ దగ్గరికి వద్దాం. "ఏసీ చల్లగా రావడం లేదు" అన్నారు మీరు, "కంప్రెసర్ పోయింది" అన్నాడు అడ్వైజర్. ఈ రెంటి మధ్యా చాలా దూరం ఉంది. గ్యాస్ లీకై తగ్గిపోయినా ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆన్ కానివ్వదు. రిలే (కరెంటును ఆన్ చేసే చిన్న స్విచ్ లాంటి భాగం) పోయినా, ఫ్యూజు పోయినా అంతే. చిన్న కార్లలో చాలావాటికి కంప్రెసర్ ముందు భాగంలో మ్యాగ్నెటిక్ క్లచ్ ఉంటుంది. ఏసీ బటన్ నొక్కగానే "టక్" మని శబ్దం వచ్చి అది పట్టుకోవాలి. ఆ క్లచ్ లోపలి కాయిల్ కాలిపోతే కంప్రెసర్ బాగున్నా తిరగదు. లోపల పిస్టన్లు అరిగిపోవడం, బేరింగ్ పోవడం వేరే రకం. అందుకని మొదట అడగాల్సింది "కంప్రెసర్‌లో ఏం పోయింది? ఏ పరీక్ష చేసి తేల్చారు?" అని. గ్యాస్ ప్రెషర్ ఎంత చూపించింది, కాయిల్ రెసిస్టెన్స్ ఎంత వచ్చింది (మామూలుగా మూడు నుంచి ఐదు ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది), లీక్ టెస్ట్ చేశారా లేదా. బానెట్ ఎత్తి చూసి చెప్పిన మాటకు 28 వేలు కట్టక్కర్లేదు.

లోపల అరుగుదల, బేరింగ్, సీల్ దగ్గర లీకు అయితే టచ్‌స్క్రీన్‌కూ బల్బుకూ దానికీ ఏ సంబంధమూ అంటగట్టలేరు. కాయిల్ కాలిపోయింది అంటే మాత్రం కాస్త జాగ్రత్తగా చూడాలి. టచ్‌స్క్రీన్‌కు కరెంటు ఎక్కడి నుంచి తీశారన్నది అప్పుడు లెక్కలోకి వస్తుంది. మంచి షాపువాళ్ళు మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ తెచ్చి ప్లగ్గులో ప్లగ్గు పెట్టినట్టు కలుపుతారు. ఒక్క వైరు కూడా కోయరు. తొందర పని చేసేవాళ్ళు తాళం తిప్పినప్పుడు వచ్చే కరెంటు కోసం దగ్గరలో ఏ వైరు కనిపిస్తే దాని తోలు గీసి, మెలేసి, నల్ల టేపు చుడతారు. చాలా కార్లలో టచ్‌స్క్రీన్ పక్కనో కిందో ఏసీ ప్యానెల్ ఉంటుంది కాబట్టి ఆ వైర్ల మీదకు చెయ్యి పోవడం మామూలే. మీ బండిలో ఏం చేశారో టచ్‌స్క్రీన్ బయటికి లాగి ఫోటోలు తీసుకోండి. కెమెరాకు కరెంటు వెనక రివర్స్ లైటు వైరు నుంచి తీస్తారు, డిక్కీలో అది కూడా చూడండి. కప్లర్ ఉంటే మీ వాదన ఇంకా గట్టిపడుతుంది. ఏసీ వైరుకే మెలేసి ఉంటే, ఆ సంగతి అవతలివాళ్ళు చెప్పకముందే మీకు తెలిసి ఉండడం మంచిది.

మీరు ఉత్తరంలో రాయని సంగతి ఒకటుంది. ఏసీ గ్యాస్ ఎప్పుడైనా బయట నింపించారా? ఆటోనగర్ సర్వీసులో మీ మెకానిక్ "కొంచెం గ్యాస్ కొట్టాను" అని అన్నాడా? అలా జరిగి ఉంటే, వేరే గ్యాసో, తగని నూనెనో, మోతాదు మించో పడి కంప్రెసర్ దెబ్బతిన్నదని వాళ్ళు అనడానికి తావుంటుంది. మెకానిక్‌ను అడిగి కనుక్కోండి. ఇంజిన్ ఆయిల్ మాత్రం మార్పించానంటే దానికీ ఏసీకీ సంబంధం లేదు. కంప్రెసర్‌లో తిరిగే నూనె వేరు. అది ఏసీ గ్యాస్‌తో కలిసి మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది.

హెడ్‌లైట్ గురించి నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. అది చాలావరకు మీ బల్బుల పనే. కంపెనీ ఇచ్చే హెచ్4 బల్బు 60/55 వాట్లు. డిమ్ లైటులో 55 వాట్లంటే 12 వోల్టుల లెక్కన దాదాపు 4.6 ఆంపియర్లు. మీరు వేయించిన దాంట్లో 90 వాట్లు, అంటే 7.5 ఆంపియర్లు. కరెంటు ఒకటిన్నర రెట్లు దాటింది, అంతేగా అనిపిస్తుంది. కానీ వైరు, పిన్ను కలిసే చోట పుట్టే వేడి కరెంటు వర్గం లెక్కన పెరుగుతుంది. అక్కడ వేడి రెండున్నర రెట్లు దాటిపోతుంది. బల్బు వెనక హోల్డర్ పీకి చూడండి. మూడు పిన్నుల్లో ఎర్త్ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, కరిగి ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే, పిన్ను వదులై కాంటాక్ట్ పోవడం వల్లే లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. పైగా ఇలాంటి బల్బుల డబ్బాల మీద రోడ్ల మీద వాడకూడదన్న హెచ్చరిక చిన్న అక్షరాల్లో ఉండడం కద్దు. రిలే, లావు వైర్లతో విడిగా హార్నెస్ (వైర్ల కట్ట) వేస్తే వైరింగ్ కాలకపోవచ్చు గానీ, ఆ వాట్ల బల్బు రోడ్డు మీద నియమాలకు విరుద్ధమే, ఎదురుగా వచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి. కొత్త హోల్డర్ వేయించి, మంచి కంపెనీ 60/55 బల్బులు పెట్టించండి. హెడ్‌లైట్ అద్దం మసకబారిందేమో, లైటు ఎత్తు సరిగ్గా సెట్ అయిందో లేదో చూపించుకోండి. పల్లె రోడ్ల మీద వెలుతురు తక్కువ అనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

"బల్బుల లోడు వల్లే ఏసీ దెబ్బతింది" అని అడ్వైజర్ అంటే మాత్రం ఒప్పుకోకండి. రెండు బల్బులూ కలిసి అదనంగా లాగేది 70, 80 వాట్లు. బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు అది పెద్ద బరువేమీ కాదు. హెడ్‌లైట్ ఫ్యూజు వేరు, ఏసీ ఫ్యూజు వేరు. సంబంధం ఉందంటే ఎలాగో కాగితం మీద రాసి ఇమ్మనండి.

బయట సర్వీసు సంగతి. ఈసారి ఏసీకి అది అడ్డం కాకపోయినా, రేపు ఇంజిన్‌కు ఏదైనా వస్తే మొదట అడిగేది దాని గురించే. అప్పుడు మీ దగ్గర ఉండాల్సింది మెకానిక్ మంచివాడన్న నమ్మకం ఒక్కటే అయితే చాలదు. జీఎస్టీ బిల్లు ఉండాలి. దాని మీద బండి నంబరు, తేదీ, మీటరు రీడింగు, ఆయిల్ బ్రాండు, గ్రేడు, ఎన్ని లీటర్లు, ఫిల్టర్ పార్టు నంబరు ఉండాలి. మీ దగ్గర అలాంటి బిల్లు లేకపోతే ఆ మెకానిక్‌ను, ఆయిల్ కొన్న షాపును అడిగి తీసుకునే ప్రయత్నం ఇప్పుడే చేయండి. వాళ్ళ పుస్తకాల్లో ఉన్నదే రాయించుకోండి, తేదీలు మార్చి కొత్తగా సృష్టించమని మాత్రం అడగకండి.

ఆయిల్ గ్రేడు గురించి ఆటోనగర్‌లో ఒక పాత అలవాటు ఉంది. "మన ఎండలకు చిక్కటి నూనే మంచిది" అని ఏ బండికైనా 20డబ్ల్యూ-50 పోసేస్తారు. పాత అంబాసిడర్ల రోజుల్లో అది నడిచిందేమో గానీ, ఇప్పటి చిన్న పెట్రోలు ఇంజిన్లలో కొన్నిటికి 0డబ్ల్యూ-16 అంత పల్చటి నూనె రాసి ఉంటుంది. నూనె దారులు సన్నగా ఉంటాయి, వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు నూనె ఒత్తిడి మీదే పనిచేస్తాయి. బీఎస్6 డీజిల్ బండి ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తపడాలి. పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌కు బూడిద తక్కువ వచ్చే ప్రత్యేకమైన నూనె పోయాలి. మామూలుది పోస్తే ఆ ఫిల్టర్ మెల్లగా పూడుకుపోతుంది. అలా పూడుకుపోయినప్పుడు కంపెనీ వారంటీ కాదంటే తప్పు పట్టలేం. మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోసి, ఆ గ్రేడు బిల్లు మీద రాయించుకుంటే నూనె ఎక్కడ పోయించారన్నది అంత పెద్ద విషయం కాకుండా పోతుంది. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది అని రాసి ఉంటే "ఏది ముందైతే అది" అని అర్థం. బండి తిరగలేదు కదా అని ఏడాది దాటించేవాళ్ళే ఎక్కువగా ఇక్కడ చిక్కుకుంటారు.

అసలు అడ్వైజర్ అంత సులువుగా "పోయింది" అని ఎందుకంటాడో కూడా తెలుసుకోండి. వారంటీ పని చేస్తే పార్టుకూ పనికీ డబ్బు డీలర్‌కు కంపెనీ నుంచి రావాలి. కంపెనీ ఆ క్లెయిమును తర్వాత తనిఖీ చేస్తుంది. బయటి వైరింగ్ కనిపించి క్లెయిము కొట్టేస్తే ఆ నష్టం డీలర్ నెత్తిన పడుతుంది. అదే మీ చేత కట్టిస్తే ఆ బాధ లేదు. అందుకని అనుమానం ఉన్న ప్రతి బండినీ మొదటే తోసేయడం కొన్ని చోట్ల అలవాటైపోయింది. ఇది మీకు అన్యాయమే. కానీ దీంట్లోనే మీకో దారి కూడా ఉంది. ఆఖరు మాట అడ్వైజర్‌ది కాదు, కంపెనీది. కాబట్టి విషయాన్ని కంపెనీ దాకా తీసుకెళ్ళాలి.

మళ్ళీ అదే సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి జాబ్ కార్డ్ (బండి ఫిర్యాదు, చేయాల్సిన పని నమోదు చేసే కాగితం) తెరిపించండి. ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. "ఏసీ చల్లగా రావడం లేదు, వారంటీ కింద పరీక్షించి సరిచేయాలి" అని. మీటరు రీడింగు, తేదీ సరిగ్గా పడ్డాయో లేదో చూడండి. దాంట్లో "బయటి ఫిటింగు వల్ల చెడిపోయింది" అన్న వాక్యం ఎవరైనా ఇరికిస్తే సంతకం పెట్టకండి. వారంటీ కాదంటే ఆ కారణం రాసి ఇమ్మనండి. చాలాచోట్ల ఇక్కడే గొంతు మారుతుంది. నోటితో సులువుగా చెప్పిన మాట కాగితం మీద పెట్టమనేసరికి, "మేనేజర్‌తో మాట్లాడి చెబుతాం" అంటూ నీళ్ళు నములుతారు. రాసి ఇవ్వకపోతే అదే రోజు డీలర్‌కూ, కంపెనీ కస్టమర్ కేర్‌కూ ఒకే మెయిల్ పంపండి. ఇలా రాస్తే చాలు:

"నా కారు నంబరు ఫలానా, చాసిస్ నంబరు ఫలానా. ఫలానా తేదీన కొన్నాను, వారంటీ ఫలానా తేదీ వరకు ఉంది. ఏసీ పనిచేయడం లేదని ఫలానా తేదీన మీ సర్వీస్ సెంటర్‌కు తెచ్చాను. బయట మ్యూజిక్ సిస్టమ్, బల్బులు పెట్టించినందున మొత్తం వారంటీ రద్దయిందని నోటిమాటగా చెప్పారు. ఏసీలో చెడిపోయిన భాగం ఏది, చేసిన పరీక్షలు ఏవి, నేను పెట్టించిన వస్తువుల వల్లే అది చెడిపోయిందనడానికి ఆధారం ఏమిటి, వారంటీ పుస్తకంలోని ఏ షరతు ప్రకారం నిరాకరిస్తున్నారు అన్నవి రాతపూర్వకంగా తెలపండి. గంపగుత్తగా వారంటీ రద్దు చేసే షరతుల గురించి కాంపిటీషన్ కమిషన్ 25-8-2014న ఇచ్చిన ఆదేశాన్ని గమనించగలరు. మీ కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ నా సమక్షంలో బండిని పరీక్షించాలని కోరుతున్నాను. హెడ్‌లైట్ హోల్డర్‌కు నేను వారంటీ అడగడం లేదు. 15 రోజుల్లో సమాధానం ఆశిస్తున్నాను."

చివర్లో హెడ్‌లైట్ గురించి ఆ వాక్యం తీసేయకండి. మీ వల్ల పోయిందాన్ని మీరే ఒప్పుకుంటే, ఏసీ గురించి మీరు చెప్పేదానికి బరువు పెరుగుతుంది. ఆ ఉత్తరం రేపు వేరేవాళ్ళు చదివినా మీరు నిజాయితీగా మాట్లాడారని తెలుస్తుంది.

ఈ కారణంతోనే మీ మెకానిక్ సలహా వద్దంటున్నాను. అన్నీ పీకేసి ఇంకో చోటికి వెళ్ళినా మొదటి సర్వీస్ సెంటర్‌వాళ్ళు బండి నంబరు మీద ఏదైనా నమోదు చేసి ఉంటే కంపెనీ సిస్టమ్‌లో అది కనిపించే అవకాశం ఎక్కువ. గీసిన వైర్లు, కరిగిన హోల్డర్ ఎలాగూ దాగవు. దాచారని తేలితే, ఇప్పటిదాకా మీ వైపున్న న్యాయం కాస్తా అటు మొగ్గుతుంది. ఇంకో సర్వీస్ సెంటర్‌కు వెళ్ళడంలో తప్పేమీ లేదు, వెళ్ళండి. ఉన్నది ఉన్నట్టు చూపించండి.

మెయిల్‌కు బదులు రాకపోయినా, సరైన కారణం చూపకుండా కాదన్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. డబ్బు ఖర్చు లేదు. చాలా కంపెనీలు ఈ దశలోనే దిగివస్తాయి. అక్కడా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్. విజయవాడలో కొన్నారు కదా అని అక్కడికే వెళ్ళక్కర్లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటి నుంచే వేయవచ్చు. కొన్న వస్తువు ధర ఐదు నుంచి పది లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. లాయరు లేకుండా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. అక్కడ ఎక్కువగా పనికొచ్చేది సాంకేతిక ఆధారం. అందుకే ఫోటోలు, పరీక్షల వివరాలు అని ఇంతసేపు నొక్కి చెప్పాను.

ఇంట్లో చిన్నపిల్లలో పెద్దవాళ్ళో ఉండి, ఎండాకాలంలో ఏసీ లేకుండా గడవదనుకుంటే రిపేరు చేయించుకోండి. అప్పుడు కూడా బిల్లు మీద "వారంటీ నిరాకరణపై అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టి ఫోటో తీసుకోండి. మార్చిన పాత కంప్రెసర్‌ను తప్పకుండా అడిగి ఇంటికి తెచ్చుకోండి. అది వాళ్ళ దగ్గర వదిలేస్తే మీ ఆధారం తుక్కులోకి పోయినట్టే.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం కొంచెం. సీట్ కవర్లు, మ్యాట్లు, మొబైల్ స్టాండ్ లాంటివాటితో వారంటీకి ఏమీ కాదు. కానీ సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో బిగుతు సీట్ కవర్ వేస్తే అది సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. అక్కడ వారంటీ కంటే ప్రాణం ముఖ్యం. ముందు బంపర్‌కు ఇనుప గార్డులు 2017 డిసెంబరులోనే నిషేధించారు. బయట సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆమోదం ఉన్న కిట్టే పెట్టించి, ఆర్టీఓలో ఆర్‌సీ మీద ఎక్కించి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి లేని మార్పులకు 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా ఉంది. జైలు కూడా పడవచ్చు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) రీమ్యాప్ చేయించి, అంటే దాని సాఫ్ట్‌వేర్ మార్పించి, వారంటీకి వెళ్ళేముందు మళ్ళీ పాత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే తెలియదని కొందరు కుర్రాళ్ళు అనుకుంటారు. ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ ఎక్కించారో చాలా ఈసీయూలు లెక్క ఉంచుకుంటాయి. ఇంజిన్, గేర్‌బాక్సు పోతే ఎవరూ కాపాడలేరు. ఇరవైనాలుగు గంటలూ కరెంటు లాగే జీపీఎస్, డ్యాష్‌క్యామ్‌లు ఇంకో తలనొప్పి. 0.3 ఆంపియర్లు లాగేదాన్ని వదిలేసి ఊరెళ్తే 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఐదు రోజుల్లో ఖాళీ అవుతుంది. తిరిగొచ్చి బ్యాటరీ వారంటీ అడిగితే వాళ్ళకు ఒక కారణం దొరికినట్టే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి. మొదటి వారంటీ ఇంకా 14 నెలలు ఉంది కాబట్టి తొందరేమీ లేదు. ఏసీ వ్యవహారం తేలే దాకా ఆగండి. ఇది మొదటి వారంటీకి కొనసాగింపులా కనిపించినా నిజానికి వేరే ఒప్పందం, షరతులు కూడా ఎక్కువ. ప్రతి సర్వీసూ కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించి ఉండాలన్న నియమం చాలావాటిలో ఉంటుంది. అమ్మేటప్పుడు "ఏం పర్లేదు సార్" అంటారు, క్లెయిము వచ్చినప్పుడు పాత సర్వీసు చరిత్ర తీస్తారు. డబ్బు కట్టకముందే "నా బండికి 20 వేల సర్వీసు బయట చేయించాను, మ్యూజిక్ సిస్టమ్ బయటిది, ఈ సంగతి తెలిసే మీరు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇస్తున్నారా?" అని మెయిల్‌లో అడగండి. అవునని రాతపూర్వకంగా వస్తే తీసుకోండి, ఇకనుంచి సర్వీసులన్నీ అక్కడే చేయించండి. సమాధానం రాకపోతే ఆ డబ్బు బ్యాంకులో వేసుకోండి. మూడేళ్ళు దాటాక మీ ఆటోనగర్ మెకానిక్ దగ్గరే మాన్యువల్‌లో ఉన్న గ్రేడు ఆయిల్‌తో, బిల్లుతో నిశ్చింతగా సర్వీసు చేయించుకోవచ్చు.